స్ప్రింగు తెగిన గ్యారేజీ తలుపు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నీవు చెప్పినదంతా విన్నాను. నోటితో చెబితే సగం మరచిపోతావనిపించి ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. తెల్లవారుజామున గ్యారేజీలో తుపాకీ పేలినంత చప్పుడైందని, బటన్ నొక్కితే తలుపు నాలుగంగుళాలు లేచి ఆగిపోయిందని, చూడడానికి వచ్చిన టెక్నీషియన్ పది నిమిషాలలో తలుపు మొత్తం మార్చవలసిందేనని తేల్చి, ఈ రోజే సంతకం చేస్తే తగ్గింపు ఇస్తానన్నాడని చెప్పావు. సంతకం చేయకు. ఆ చప్పుడు చేసింది తలుపు కాదు, తలుపు పైన అడ్డంగా ఉన్న ఇనుప గొట్టానికి చుట్టుకొని ఉండే టార్షన్ స్ప్రింగు. టార్చిలైటు వేసి దూరం నుంచే చూడు. ఎడం లేకుండా ఉండవలసిన చుట్ల మధ్య రెండంగుళాల ఖాళీ కనిపిస్తే, తెగినది అక్కడే.

ఇల్లు కొనేటప్పుడు సింహద్వారం తూర్పా ఉత్తరమా అని నెలల తరబడి వెతికి, గృహప్రవేశం నాడు దానికి మామిడి తోరణం కట్టి, మర్నాటి నుంచి రాకపోకలన్నీ గ్యారేజీ గుండానే సాగించే వాళ్ళం మనం. కొత్త ఇళ్ళకు మామూలుగా అమర్చే స్ప్రింగులు సుమారు 10,000 సార్లకు సరిపడేలా తయారవుతాయి. తలుపు ఒకసారి తెరుచుకొని మూసుకుంటే ఒకటిగా లెక్క. రోజుకు నాలుగుసార్లు వాడితే ఏడేళ్ళు నిండకముందే ఆ లెక్క తీరిపోతుంది. మీ ఇల్లు 2003లో కట్టినది కనుక, ఇప్పుడు తెగినది బహుశా రెండవదో మూడవదో అయి ఉంటుంది. స్ప్రింగు అరిగిపోయే వస్తువు, కారుకు టైరు లాంటిది. టైరు పేలిందని ఎవరూ కారు మార్చరు.

ఈ మాట ఇంత ధీమాగా చెప్పడానికి కారణం, నేను రెండు వైపులా తప్పు చేసి ఉండడమే. డాలస్‌లో మా మొదటి ఇంట్లో స్ప్రింగు తెగినప్పుడు, వచ్చినవాడి మాట నమ్మి తలుపు మొత్తం మార్పించాను. తీసేసిన పాత ప్యానెళ్ళను, అంటే తలుపులోని అడ్డ పలకలను, పక్కింటాయన అడిగి పట్టుకెళ్ళి తన పెరటి షెడ్డుకు గోడగా బిగించుకున్నాడు. మేము ఆ ఇల్లు అమ్మి వచ్చేనాటికి కూడా అవి వంకర లేకుండా నిలిచి ఉన్నాయి. ఆ దెబ్బతో బుద్ధి తెచ్చుకున్నాననుకొని, రెండవ ఇంట్లో పై ప్యానెల్ చిట్లితే మూడుసార్లు ప్లైవుడ్ ముక్క వేసి బిగించాను. మూడవసారి ఆ ప్యానెల్ సగం ఎత్తులో మడత పడి, నా కారు లోపలే ఉండిపోయింది. పెద్ద చప్పుడు చేసి ఆగిపోయినది చాలాసార్లు చిన్న మరమ్మతుతో తీరుతుంది, చప్పుడు చేయకుండా పెరిగే పగులే తలుపును మార్పిస్తుంది అన్నది నాకు అప్పటికి గాని తలకెక్కలేదు.

కనుక స్ప్రింగును కాసేపు పక్కన పెట్టి తలుపును చూడు. ముందుగా పై ప్యానెల్‌లో, మోటారు చేయి వచ్చి కలిసే చోట వేలితో తడిమి చూడు. అక్కడ రేకు ముడత పడినా, స్క్రూల చుట్టూ సన్నని చీలిక కనిపించినా జాగ్రత్త పడాలి. తొలిదశలోనే గమనిస్తే, అడ్డంగా ఒక ఇనుప పట్టీ వేయించి ఆ ప్యానెల్‌ను నిలబెట్టవచ్చు. చీలిక బాగా పాకిపోతే ఇక పట్టీ పనిచేయదు. తరువాత కింది ప్యానెల్ రెండు మూలలు చూడు. తలుపును పైకి లాగే ఇనుప తాడు, అదే కేబుల్, వచ్చి తగిలే బ్రాకెట్ చుట్టూ రేకు తుప్పుపట్టి పొరలుగా రాలుతుంటే, తలుపు బరువంతా మోసే చోటే బలహీనపడిందని అర్థం. ఆ బ్రాకెట్ స్క్రూలను మాత్రం నీవు ముట్టుకోవద్దు. స్ప్రింగు బిగువు కేబుల్ గుండా దాని మీదే ఉంటుంది. రోలర్లు అరగడం, కింది రబ్బరు చినగడం, ట్రాక్ కొద్దిగా వంగడం, ఇవన్నీ మరమ్మతులే.

ఒక్క ప్యానెల్ మార్చుకుంటే సరిపోదా అని నీవు అడుగుతావని తెలుసు. ఆ మోడల్ ఇంకా తయారవుతుంటే సరిపోతుంది. కాని ఇరవై ఏళ్ళ తలుపుకు అచ్చంగా అదే ప్యానెల్ దొరకడం కష్టం, దొరికినా టెక్సస్ ఎండకు వెలిసిన రంగు పక్కన అది అతుకులా కనిపిస్తుంది. రెండు ప్యానెళ్ళు పోయాయంటే, లేదా మరమ్మతు ఖర్చు కొత్త తలుపు ధరలో సగం దాటుతున్నదంటే, నేనైతే వెనుకాడకుండా మార్పిస్తాను. వడగళ్ళకు పడిన సొట్టలు అందానికి లోపమే తప్ప పనికి లోపం కాదు. మార్చే పక్షంలో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి ముందుగా తీసుకో. గ్యారేజీ పైన పిల్లల గది ఉంది కనుక ఇన్సులేషన్ ఉన్న తలుపే కొను. అది బరువెక్కువ ఉంటుంది, దాని బరువుకు తగిన స్ప్రింగులు దానితో పాటే రావాలి.

తలుపు బాగానే ఉందని తేలితే, గొట్టం మీద స్ప్రింగులు రెండుంటే రెండింటినీ కలిపి మార్పించు. రెండూ ఒకే వయసువి. తెగకుండా మిగిలినది కొద్ది నెలలలో మళ్ళీ నిన్ను నిద్ర లేపవచ్చు. యూట్యూబు చూసి స్వయంగా బిగించే ప్రయత్నం చేయకు, ఆ బిగువుకు చేతి ఎముకలు ఒక లెక్క కాదు. పని పూర్తయ్యాక, అతను వెళ్ళకముందే, తలుపు మూసి ఉంచి, మోటారు నుంచి తలుపును విడదీసే ఎర్ర తాడు లాగి, చేత్తో నడుము ఎత్తు వరకు లేపి మెల్లగా వదలమను. తలుపు అక్కడే నిలిస్తే స్ప్రింగులు సరిపోయినట్లు. జారిపోయినా, పైకి ఎగిరినా మళ్ళీ సరిచేయమని అడుగు. తలుపు బరువు మోయవలసినవి స్ప్రింగులే, మోటారు దాన్ని నడిపిస్తుందంతే. అందుకే స్ప్రింగు తెగి ఉండగా మళ్ళీ మళ్ళీ బటన్ నొక్కితే, మోటారు ఆ పై ప్యానెల్‌నే పట్టి లాగి వంచేస్తుంది. నీవు ఎన్నిసార్లు నొక్కావో నిన్న అడగడం మరచిపోయాను.

బుజ్జిది పాకుతున్న వయసు కనుక మరొక్క సంగతి. 1993 జనవరి 1 నుంచి అమెరికాలో అమ్మకానికి తయారైన ఇళ్ళ గ్యారేజీ మోటార్లకు, తలుపు దారిలో ఏదైనా అడ్డం వస్తే గుర్తించే సెన్సర్లో, అటువంటి మరో రక్షణో తప్పనిసరి. మీ తలుపుకు ఆ రెండు సెన్సర్ కళ్ళు నేలకు ఆరంగుళాల లోపే, ఇరువైపులా ఉన్నాయేమో చూడు. ఇదివరకున్నవారు విసుగుపడి వాటిని ఎదురెదురుగా టేపు చుట్టి పైకప్పుకు కట్టేసిన ఇల్లు ఒకటి నేను చూశాను. స్ప్రింగులు మార్చిన రోజే, తలుపు కింద నేల మీద టూ బై ఫోర్ చెక్క (సుమారు ఒకటిన్నర అంగుళం మందముండేది) ఒకటి పడుకోబెట్టి మూయించి చూడు. చెక్కకు తగిలిన వెంటనే తలుపు వెనక్కి లేవాలి. లేవకపోతే సెట్టింగు సరిచేయించు, అప్పటికీ లేవకపోతే మోటారు మార్చు, తలుపు ఎంత కొత్తదైనా సరే.

శనివారం ఉదయం నేను, అత్తయ్య వస్తున్నాము. అప్పటి వరకు తలుపు మూసే ఉంచి, ఆ ఎర్ర తాడును ఎవరినీ లాగనివ్వకు. పొడవు నిచ్చెన నీ దగ్గర లేదుగా, నేనే తెస్తాను.

ఇట్లు,
మామయ్య