లేజర్‌కి డబ్బు కట్టే ముందు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 25. భీమవరం దగ్గర నాన్నతో కలిసి రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. ఇంటర్ నుంచీ మొటిమలు. ఇప్పుడు బుగ్గల మీద గుంటలు, నల్ల మచ్చలు మిగిలాయి, కొత్తవి ఇంకా లేస్తూనే ఉన్నాయి. మెడికల్ షాపులో ఒక ట్యూబ్ ఇచ్చారు. వారంలో ముఖం తెల్లబడింది గానీ, మానేస్తే మంట, ఎరుపు. ఒక క్లినిక్‌లో లేజర్ ఆరు సిట్టింగులకి డబ్బు ముందే కట్టమంటున్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. లేజర్ చెడ్డదని కాదు, మీ ముఖం ఇంకా దానికి సిద్ధంగా లేదు.

ముందు ఆ ట్యూబ్ సంగతి. వారంలో తెల్లబడి, మానగానే మండుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉందనే నా అనుమానం. ట్యూబ్ మీద బెటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ లాంటి పేరు ఉందేమో చూడండి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చింది, అయినా మన ఊళ్లలో ఫెయిర్‌నెస్ క్రీముల్లా చేతిలో పెట్టేస్తున్నారు, అవి రాసుకున్న పిల్లల ముఖాలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు ఇంకా పెరుగుతాయి. మంట తట్టుకోలేక మళ్లీ అదే రాయకండి. ట్యూబ్ పట్టుకెళ్లి చర్మ డాక్టర్‌కి చూపించి, ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి. కొందరికి ఒక్కసారే ఆపిస్తాం, కొందరికి మెల్లగా తగ్గిస్తాం.

రెండోది, కొత్త మొటిమలు ఆగాలి. అవి లేస్తుండగా గుంటలకి వైద్యం మొదలుపెడితే ఒకవైపు పూడుస్తుంటే ఇంకోవైపు కొత్త గుంటలు పడతాయి.

ఇక మచ్చలు వేరు, గుంటలు వేరు. మొటిమ మానిన చోట రంగు మిగిలితే అది మచ్చ, చాలావరకు నెలల్లో దానంతటదే పలచబడుతుంది. అజెలాయిక్ యాసిడ్, అడాపలీన్ లాంటి క్రీములు, అవసరమైతే గ్లైకాలిక్ లేదా శాలిసిలిక్ పీల్స్ (యాసిడ్ పూసి చర్మం పై పొర ఊడేలా చేయడం) ఆ పని త్వరపెడతాయి. కానీ మీరు పొద్దున్నే గట్టు మీద నిలబడి మేత వేయించి, చెక్ ట్రేలు ఎత్తి చూసేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది, పైగా నీళ్ల మీద నుంచి కూడా ముఖానికి కొడుతుంది. అది కాచుకోకపోతే ఏ క్రీమూ పని చేయదు. ఎస్పీఎఫ్ 30 దాటిన జెల్ సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా తీసి ముఖానికీ మెడకీ రాయండి, చెమట పడితే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. అంచు వెడల్పున్న టోపీ పెట్టుకోండి.

గుంటలు మాత్రం క్రీములతో పూడవు. రాత్రి అద్దం ముందు నిలబడి సెల్ టార్చ్ చెంప పక్క నుంచి వేసి చూడండి, వాటి నీడలు పడతాయి. రెండు వేళ్లతో చర్మం సాగదీస్తే మాయమయ్యేవి వెడల్పాటి, లోతు తక్కువ గుంటలు. వీటిని కింద నుంచి పీచులు పట్టి లాగుతుంటాయి, సూదితో ఆ పీచులు తెంపడాన్ని సబ్‌సిషన్ అంటాం. వారం రోజులు వాపు, కమిలిన రంగు ఉంటాయి. సాగదీసినా పోని సన్నటి, లోతైన రంధ్రాలకు గాఢమైన టీసీఏ యాసిడ్ ఒక్కో రంధ్రంలో పుల్లతో చుక్కంత పెడతాం. ఆ చోటు వెంటనే తెల్లబడి, తర్వాత పక్కు కడుతుంది, దాన్ని గిల్లకూడదు. మిగతా వాటికి సన్నటి సూదులతో గుచ్చే మైక్రోనీడ్లింగ్, చర్మం మీద చుక్కలు చుక్కలుగా తగిలే ఫ్రాక్షనల్ లేజర్. చాలామందికి ఇవన్నీ కలిపే చేయాలి, అందుకే అందరికీ ఒకే ప్యాకేజీ అనే మాట నాకు నచ్చదు.

మన చామనఛాయ చర్మానికి లేజర్ కాస్త గట్టిగా తగిలితే కొత్త నల్లదనం వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి చేసేవారు ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ (చర్మవ్యాధుల్లో పీజీ చదువులు) చదివినవారేనా అని మొహమాటం లేకుండా అడగండి. సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య కనీసం నాలుగు వారాలు ఆగాలి, పూర్తి ఫలితం తెలియడానికి చివరి సిట్టింగ్ తర్వాత కూడా కొన్ని నెలలు పడుతుంది. గుంటలు బాగా తగ్గుతాయి, కానీ మొత్తం చెరిగిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువులు ఎండగట్టే రోజుల్లో పెట్టుకుంటే మీకు ఎండ బెడద తక్కువ. ఖర్చు భారమైతే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ముందు అక్కడ చూపించుకోండి.

పెళ్లిచూపుల కోసం తొందరపడి ఇంట్లో సూదులున్న డెర్మా రోలర్ ముఖం మీద తిప్పడం, నిమ్మరసం రాయడం వద్దు.

ప్రశ్న: అమలాపురం నుంచి రాస్తున్నానండి. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నాను. త్వరలో పెళ్లి. మచ్చలకి పీల్ చేయించుకోవచ్చా?

జవాబు: పైపైన చేసే తేలికపాటి పీల్ మీ డాక్టర్ సరేనంటే చేయించుకోవచ్చమ్మా. వ్యాక్సింగ్ మాత్రం వద్దు, చర్మం ఊడి రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ మాత్రలు వాడుతున్నప్పుడు, ఆపాక నెల రోజుల వరకూ గర్భం రాకూడదు, బిడ్డకి తీవ్రమైన అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. పెళ్లి తేదీ మీ డాక్టర్‌కి ఈ వారమే చెప్పండి.