కిరాయి సేనను పెట్టుకున్న దొరే దాన్ని మోసగించడం చరిత్రలో నిజంగా జరిగిందా?

భవిష్యత్తు యుద్ధాల కథల్లో గర్విష్ఠి అయిన దొర తన కిరాయి సైనికులనే మోసగించడం ఉత్త కల్పన కాదు, చరిత్రలో జరిగినదే. యుద్ధం సాగినంతకాలం వారు అవసరం. గెలిచాక మాత్రం బాకీ జీతం భారమవుతుంది, ఆయుధాలున్న పరాయివాళ్లంటే భయం పుడుతుంది, పైగా వంశగర్వం తలకెక్కిన దొర ఆ బాకీని తన దయగా భావిస్తాడు.

మాలిక్ కాఫుర్ ముట్టడికి ఓరుగల్లు కోట లొంగిన 1310లోనే, ఏథెన్స్ ప్రభువు వాల్టర్, నేటి స్పెయిన్‌లోని కటలోనియాకు చెందిన కటలాన్ కిరాయి దళాన్ని పిలిపించి, దాని బలంతో ముప్పైకి పైగా కోటలు గెలిచాడు. ఆరు నెలలు పని చేయించుకొని, రెండు నెలల జీతమే ఇచ్చి, తనకు నచ్చిన 500 మందిని భూములిచ్చి ఉంచుకొని, మిగిలినవారిని పొమ్మన్నాడు. 1311 మార్చి 15న ఆ మిగిలినవారితో వాల్టర్ చేసిన యుద్ధానికి ముందే ఆ 500 మందీ తోటివారి పక్షాన చేరిపోయారు. వారిదే సరైన నిర్ణయం. ప్రభువు గుర్రపుదళం బురదనేలలో కూరుకుపోయింది, అతడు హతుడయ్యాడు, ఏథెన్స్ కటలాన్ల వశమైంది.

కిరాయి సైనికులే ఎప్పుడూ ముందుగా ద్రోహం చేస్తారన్నది అపోహ. ఇక్కడ మాట తప్పినవాడు యజమాని. అలాగే, కాకతీయుల నాయంకర వ్యవస్థలోని నాయకులను కిరాయి సైనికులుగా లెక్కించడమూ పొరపాటే, ఎందుకంటే వారు రాజు ఇచ్చిన భూములను అనుభవిస్తూ, బదులుగా సైన్యాన్ని పోషించి యుద్ధానికి పంపేవారు.