బటన్ ఫోను కొనబోయే మా అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

గ్రూప్ 2 పరీక్ష అయ్యేదాకా టచ్ ఫోనును సూట్‌కేసులో పెట్టి తాళం వేసి, విజయవాడ బీసెంట్ రోడ్డులో పాత బటన్ ఫోను కొనుక్కుంటానన్నావని మీ నాన్న నిన్న రాత్రి చెప్పాడు. వినగానే ఛాతీ ఉప్పొంగింది. ఎవరూ చెప్పకుండా తనంతట తానే ఆ ఫోనును పక్కన పెడతానన్న పిల్ల మన ఇళ్ళలో ఇంకెవరూ లేరు. కానీ మంచం మీద వాలాక నిద్ర పట్టలేదు. పద్దెనిమిదేళ్ళపాటు ఆ ఫోన్లను విప్పి బిగించినవాడిని కాబట్టి, నువ్వు రాసుకున్న నాలుగు పేర్లూ తెల్లవారేదాకా కళ్ళ ముందు తిరుగుతూనే ఉన్నాయి.

ముందుగా సిమ్ము సంగతి. నీది జియో నంబరు. ఆ పాత ఫోన్లన్నీ 2జీ మీద నడిచేవి, జియోకు 2జీ లేనేలేదు. అందువల్ల నువ్వు ఏది కొన్నా సిగ్నలు గీత ఒక్కటీ రాదు. పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, పక్కన నీ నంబరు వేసి 1900కు మెసేజి పంపించి, 2జీ నడిపే కంపెనీకి ఇప్పుడే మారిపో. కొత్త సిమ్మును చిన్నగా విరవకుండా చట్రంతో సహా పెద్ద ముక్కగానే ఉంచమని చెప్పు, ఈ పాత ఫోన్లలో అదే పడుతుంది.

ఇక నీ జాబితా. నోకియా 3310 మీద నీకున్న మోజు నాకు అర్థమైంది, కానీ అది 2000లో వచ్చిన 133 గ్రాముల ఇటుక. దానికి టార్చి లేదు, దానితో వచ్చిన నికెల్ బ్యాటరీ ఇప్పుడు మంచిది దొరకడం కష్టం, కాబట్టి దాన్ని అలమరలో బొమ్మగా పెట్టుకోవలసిందే. నోకియా 1100 వేరే జాతి. 2003లో వచ్చిన ఆ ఫోను ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మీటలన్నీ ఒకే రబ్బరు పలకగా ఉండటం వల్ల మిరప యార్డు దుమ్ములో కూడా లోపలికి నలుసు పోయేది కాదు. నలుపు తెలుపు తెర కావడం వల్ల మిట్టమధ్యాహ్నం ఎండలో సైతం అంకెలు చక్కగా కనిపించేవి. రేడియో లేదు, పాటలు లేవు, నీ చదువుకు అది మేలే. శాంసంగ్ గురు మ్యూజిక్ 2 అనేదానికి రెండు సిమ్ములు, 16 జీబీ దాకా మెమరీ కార్డు పడతాయి. పాటల కోసమే పుట్టిన ఫోనును కొని పుస్తకం ముందు కూర్చుంటానంటే నవ్వొస్తోంది తల్లీ. నాలుగోది నోకియా 105. 2013లో వచ్చింది, 70 గ్రాములు, 800 ఎంఏహెచ్ బ్యాటరీ, టార్చి, రేడియో, ఒకటికి మించి అలారాలు. దీని గురించి మళ్ళీ చెబుతాను.

ఇలా గుణాలు పక్కపక్కన పెట్టి పోల్చడం నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదని ఒకప్పుడు నేనూ అనుకునేవాడిని. 2006లో మీ తాతయ్య చేతిలో 1100 ఉండేది. సి మీట నొక్కి పట్టుకుంటే వెలిగే దాని లైటుతోనే ఆయన రాత్రివేళ మోటారు వేయడానికి పొలం వెళ్ళేవారు, ఎందుకంటే మిరప తోటకు కరెంటు అర్ధరాత్రి దాటాకే ఇచ్చేవారు. సెల్ రిపేరు కొట్టు పెట్టుకున్న కొడుకు ఉండి కూడా తండ్రి డబ్బా ఫోను పట్టుకు తిరుగుతున్నాడని బంధువులు అనుకుంటారేమోనని నాకు నామోషీ వేసింది. రంగు తెర, మోగే పాటలు ఉన్న ఫోను ఒకటి తెచ్చి, సిమ్ము మార్చి, 1100ను కొట్టుకు తీసుకుపోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి లైటు లేదేమిరా?" అన్నారు. "రంగు తెర ఉంది కదా నాన్నా, అదే వెలుగు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది.

మూడు వారాలు తిరగకముందే ఒక రాత్రి రెండు గంటలకు ఆ తెర వెలుగుతోనే బయలుదేరారు. తెర కొన్ని క్షణాలకే ఆరిపోతుంది, మళ్ళీ మీట నొక్కాలి. ఆ నొక్కే సందులో గట్టు జారి బోదెలో పడ్డారు, చీలమండ విరిగింది. ఫోను చేతిలోనే ఉంది. పాతదానిలో 2 నొక్కి పట్టుకుంటే నా కొట్టుకు కాల్ వెళ్ళేటట్లు పెట్టి ఉంచాను, రాత్రిపూట కొట్టులోనే పడుకునేవాడిని. చీకట్లో వేలితో తడుముకుని ఆయన ఈ కొత్తదానిలోనూ 2 నొక్కి పట్టుకుంటూనే ఉన్నారట. అందులో స్పీడ్ డయల్ పెట్టాలని నాకు తోచనే లేదు. తెల్లవారి పక్క చేను వాళ్ళు చూసేదాకా అలాగే బురదలో ఉన్నారు. ఆ కాలు తర్వాత సరిగా కుదురుకోలేదు, నీకు ఊహ తెలిసేనాటికే కర్ర పట్టారు. జారిపడ్డారని మాత్రమే మీ నాన్నకు చెప్పాను. ఫోను మార్చిన సంగతి ఇవాళ నీకే మొదటిసారి రాస్తున్నాను.

అందుకే నీ హాస్టలు సందు గురించి అడుగుతున్నాను. లైబ్రరీ నుంచి ఎన్ని గంటలకు వస్తావు? ఆ మూల దీపం వెలుగుతుందా? నువ్వు తెలివైనదానివే, కానీ "నాకేమవుతుంది పెదనాన్నా" అనే అలవాటు ఒకటుంది నీకు, దానికి మాత్రం చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. 1100 అంటే నాకు ప్రాణం, అయినా నీకు వద్దంటున్నాను. 105 పేరుతోనే 2019లో వచ్చినదాన్ని అడుగు. టార్చి ఉంటుంది, మైక్రో యూఎస్‌బీ చార్జరు కాబట్టి హాస్టల్లో అడిగితే ఎవరి దగ్గరైనా దొరకవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, 2017 నుంచి మన దేశంలో అమ్మే బటన్ ఫోన్లలో 5 గాని 9 గాని నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్ళాలన్న నిబంధన వచ్చింది కనుక, ఏ మీటో కొట్టువాడిని అడిగి తెలుసుకో. 2 మీద మీ అమ్మ నంబరు, 3 మీద నాది పెట్టి, కళ్ళు మూసుకుని పదిసార్లు నొక్కి చూడు.

కొట్టులో మోసం ఎక్కువగా పైడబ్బాలో ఉంటుంది; పాత బోర్డుకు కొత్త ప్యానెలు తొడిగి తళతళలాడిస్తారు. స్టార్ హాష్ 06 హాష్ కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య), బ్యాటరీ కింద చీటీ మీది అంకెలు ఒకటేనా చూడు. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ అంకెలు వేసి 14422కు మెసేజి పంపితే దొంగ సొత్తు అవునో కాదో తెలుస్తుంది. బ్యాటరీని కౌంటరు అద్దం మీద పెట్టి వేలితో బొంగరంలా తిప్పు. ఉబ్బనిది చప్పున ఆగుతుంది. గిరగిరా తిరిగితే కడుపు ఉబ్బిందన్నమాట, ఊరికే ఇచ్చినా ముట్టుకోవద్దు.

హాల్‌టికెట్టు కోసం నెట్ కావాలి గనుక టచ్ ఫోనును అమ్మేయకు. ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా నెహ్రూ బస్టాండులో దిగుతాను. నేను వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు, బేరం నేను ఆడతాను. మీ అమ్మ నంబరు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో, సిమ్ము మార్చేటప్పుడు పనికివస్తుంది.

ఇట్లు,
మీ పెదనాన్న