80 హెచ్‌పీ కారు కన్నా 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఎక్కువ బరువు ఎలా లాగుతుంది?

బరువును కదిలించేది చక్రం దగ్గర అందే టార్క్, అంటే తిప్పే బలం. హార్స్‌పవర్ చెప్పేది ఆ పని ఎంత వేగంగా జరుగుతుందో. బిగుసుకుపోయిన నట్టుకు పొడవాటి పానా వేసి నొక్కితే చేతికి తెలిసేదే టార్క్. దాన్ని తిరిగే వేగంతో గుణిస్తే పవర్.

నిమిషానికి 6000 చుట్ల దగ్గర 80 హెచ్‌పీ ఇచ్చే కారు ఇంజిన్‌కు అక్కడ ఉండే టార్క్ దాదాపు 95 న్యూటన్ మీటర్లే. 2000 చుట్ల దగ్గర 45 హెచ్‌పీ ఇచ్చే ట్రాక్టర్ ఇంజిన్‌కు 160. అయినా అసలు కథంతా గేర్లలోనే ఉంది. దున్నే గేరులో ఇంజిన్ 2000 చుట్లు తిరిగితే, ఛాతీ ఎత్తుండే ఆ వెనక చక్రం తిరిగేది సుమారు 20 చుట్లు. వేగం నూరో వంతుకు పడిపోతుంది, టార్క్ దాదాపు నూరు రెట్లవుతుంది. కారు మొదటి గేరులో ఇది 15 రెట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. చక్రం జారకుండా ట్రాక్టర్ బరువు కూడా కలిసొస్తుందనుకోండి.

చిన్న గేరులో వేస్తే పవర్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరిగేది టార్కే, అదీ వేగాన్ని కోసి. పవర్ మాత్రం ఇంజిన్ ఇచ్చినంతే. రాపిడికి పోగా ఇంకాస్త తక్కువే. అందుకే రోడ్డెక్కాక కారు ఆ ట్రాక్టర్‌ను ఇట్టే దాటేస్తుంది.