ట్యూబ్ యాంప్ కొనాలా, క్లాస్-డి తోటి సరిపెట్టుకోవాలా?

మీరు చెప్పింది ఇది: మహబూబ్‌నగర్ దగ్గర పల్లెలో ఇల్లు, 12×14 హాలు, 87 డెసిబెల్ (ఒక వాట్‌కు మీటర్ దూరంలో వచ్చే సౌండు) 8 ఓమ్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. కరెంటు మోటర్లు నడిచినప్పుడు 180 వోల్టులు, బందైనంక 255. ఈఎల్34 అనే పవర్ ట్యూబులు నాలుగున్న యాంప్ మీద మనసున్నది, చేతిలనేమో టీపీఏ3116 చిప్పు ఉన్న క్లాస్-డి యాంప్ బోర్డు ఉన్నది.

ఈ కరెంటు మీదనైతే క్లాస్-డినే. సౌండు సంగతి తర్వాత.

ట్యూబ్ యాంప్‌లో ఉండేది మామూలు ట్రాన్స్‌ఫార్మర్. గోడ ప్లగ్గులో ఎంత తగ్గితే లోపల అన్నీ అదే లెక్కన తగ్గుతయి. ట్యూబ్ లోపలి క్యాథోడ్‌ను వేడిచేసే హీటర్‌కు 6.3 వోల్టులు కావాలె; పది శాతం అటూఇటూ, అంటే 5.7 నుంచి 6.9 దాకా ఓర్చుకుంటది. 180 దగ్గర అందేది 4.9. క్యాథోడ్ సరిగ్గ వేడెక్కదు, కొంచెం వాల్యూమ్ పెంచంగనే గొంతు బొంగురు పోతది. 255 దగ్గర ఇంకా ప్రమాదం: 430 ఉండాల్సిన హైటెన్షన్ (ట్యూబ్ ప్లేటుకు ఇచ్చే ఎక్కువ వోల్టేజీ) 475 దాటుతది, 450 వోల్టుల ఫిల్టర్ కెపాసిటర్లు ఉబ్బుతయి. బయాస్ (పాట లేనప్పుడు ట్యూబ్‌ల పారే కరెంటు సెట్టింగు) కూడా తప్పుతది. ఈఎల్34 ప్లేటు 25 వాట్ల వరకే తట్టుకుంటది, దాంట్ల 70 శాతం, 17.5 దగ్గర పెడతరు. 430 వోల్టులకు అది 40 మిల్లీ ఆంపులు. క్యాథోడ్ కింద 1 ఓమ్ రెసిస్టర్ ఉంటే మీటర్‌ల 40 మిల్లీవోల్టులు. యాంప్ అరగంట వేడెక్కినంక, కరెంటు 230 ఉన్నప్పుడు చూసి బయాస్ తిప్పాలె. రాత్రి 180లో సెట్ చేస్తే తెల్లారి 255కి ప్లేటు ఎర్రగ కాలుతది.

అయినా కొంటానంటే 500 వీఏ సర్వో స్టెబిలైజర్ (వోల్టేజీని మెట్లు లేకుండ సరిచేసేది) తప్పదు. ఫ్రిజ్‌కు పెట్టే రిలే రకం మెట్లు మెట్లుగ మారుతది, దీనికి పనికిరాదు. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద అసలే వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటది. నాలుగు ట్యూబుల హీటర్లకే 38 వాట్లు, ప్లేట్లకు 70, అంతా వేడే. మే నెలల ఆ హాలుల కూర్చునేది మీరే. స్పీకర్ తీగ ఊడితే ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది. ఆఫ్ చేసినంక కూడా కెపాసిటర్లల్ల ప్రాణం తీసేంత కరెంటు ఉంటది, మూత తీసి వేలు పెట్టొద్దు.

ఇగ మీ బోర్డు. దానికి 24 వోల్టుల 5 ఆంపుల అడాప్టర్ చాలు. 100–240 అని రాసి ఉన్న మంచిది 264 దాకా ఆగుతది, 180ని లెక్కే చేయదు. ఐతే 255 రోజూ వస్తుంటే లైన్‌మన్‌తోటి న్యూట్రల్ చూపియ్యండి. అది లూజైతే ఒక ఫేజ్‌ల 300 దాటొచ్చు, అప్పుడు ఏ అడాప్టరూ మిగలదు.

డబ్బా మీది 50+50 వాట్లు 4 ఓమ్ స్పీకర్‌కు, పది శాతం డిస్టార్షన్‌తోటి చెప్పిన మాట. మీ 8 ఓమ్ మీద శుభ్రంగ వచ్చేది 30 వాట్లు. మీ స్పీకర్లతోటి మీటర్ దూరంలో 101 డెసిబెల్ దాటుతది, ఆ హాలుకు ఎక్కువే.

బోర్డులు కాలేది ఎక్కువగ ఒక్క కారణానికి: రెండు స్పీకర్ల నల్ల తీగలు ఒక్కదగ్గర కలపడం. ఇందుల నల్ల టెర్మినల్‌కు కూడా సిగ్నల్ ఉంటది, అది గ్రౌండ్ కాదు. ఎర్తుకూ, ఒకదానికొకటీ తగలొద్దు. సుయ్యిమంటే గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న సెట్టింగు) ఎక్కువున్నట్టు. 2 వోల్టుల డాక్‌కు (డిజిటల్ పాటను సౌండు సిగ్నల్‌గ మార్చే డబ్బా) 20 డెసిబెల్ సెట్టింగే సరిపోతది.

ట్యూబ్ వెచ్చదనంలో కొంత భాగం దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌ది (ఓమ్‌లల్ల లెక్కించే అడ్డు). స్పీకర్ ఇంపెడెన్స్ ఏ స్వరాల దగ్గర పెరిగితే అక్కడ సౌండు కొంచెం లేస్తది. అది కావాలంటే ఒక్కో స్పీకర్ తీగల వరుసలో 2 ఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టి వినండి. పవర్ కొంచెం తగ్గుతది, బేస్ కొంచెం వదులైతది. నచ్చకుంటే పీకేయండి.