పాత ఇంటి కిటికీల విషయమై

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పర్లాకిమిడి ఇంటిని పడగొట్టకుండా బాగుచేయించి, కిటికీలకు డబుల్ గ్లేజింగ్, అంటే నడుమ ఖాళీ విడిచి సీలు చేసిన జంట అద్దాలు, పెట్టించబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. 1936లో మన ఊరు ఒడిశాలో కలవక ముందే మా తాతగారు కట్టించిన ఇల్లు అది. సంతోషించాను; కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొలతలు ప్రతి రెక్కకూ విడిగా తీయించు. టఫెండ్ అద్దాన్ని, అంటే కాల్చి గట్టిపరచిన అద్దాన్ని, తయారయ్యాక కోయలేము.

నన్ను నిద్రపోనివ్వనిది గోపాల్‌పూర్ పని. ఇరవై ఏళ్ల కిందట సముద్రపు ఒడ్డున ఒక పాత బంగళాకు జంట అద్దాలు బిగించాను. 6 మిల్లీమీటర్ల అద్దాలు రెండు, నడుమ 12 మిల్లీమీటర్ల ఖాళీ, మొత్తం 24. టేకు రెక్కలో గాడి 10 మిల్లీమీటర్లయినా లేదు. తొలిపించాను. అన్నేళ్ల టేకు ఉలి కింద ఇంకా వాసన వేస్తుంటే కూడా ఆపమనలేదు. గాజు ప్రతి మిల్లీమీటరు మందానికీ చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. అంటే చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు తూగే మూడు మిల్లీమీటర్ల పాత పలక ఉన్నచోట ముప్పై కిలోలు వేలాడదీశాను. మొదటి వానాకాలానికే మడతబందులు వంగి రెక్కలు కింద రాసుకున్నాయి. అలవాటు కొద్దీ అంచులకు అవిసెనూనె లప్పం పెట్టాను. ఆ నూనె జంట అద్దాల సీలును పాడుచేస్తుందని అప్పటికి నాకు తెలియదు. నీరు పోయేందుకు అడుగున రంధ్రాలూ విడవలేదు. రెండో ఏటికి అద్దాల నడుమ తేమ చేరి తెల్లగా మసకబారింది. దాన్ని ఏ గుడ్డతో తుడవగలం? ఇంటి పెద్దాయన నన్నొక్క మాట అనలేదు. సముద్రంవైపు ఉన్న కుర్చీని గోడవైపు తిప్పి వేసుకున్నాడు.

కాబట్టి పాత రెక్కకు ఉలి తగలనీయకు. రోడ్డు చప్పుడే నీ బాధ అయితే, గోడ మందంలో లోపలివైపు మరో రెక్క పెట్టించు. రెంటి నడుమ 100 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే చప్పుడు జంట అద్దంకన్నా బాగా తగ్గుతుంది. ఎండ సంగతి అంటావా, తెల్ల అద్దం రెండు పొరలైనా ఎండను రానిస్తుంది. పడమటివైపు వెదురు తడక కట్టించు.

లోపలి రెక్కకు మాత్రం లామినేటెడ్ అద్దమే, అంటే రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర అతికించినదే, వేయించాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు చూసినవాణ్ణి. టఫెండ్ పగిలితే చిన్నచిన్న ముక్కలుగా రాలి గాలికి దారి ఇస్తుంది. లామినేటెడ్ పగిలినా నడుమ పొర ముక్కల్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ డబ్బు చూసుకున్నావంటే నా చేత తిట్లు తింటావు. పిల్లలు పడుకునే గది నాయనా అది. ఆ లామినేటెడ్ అద్దానికి లప్పం వద్దు, అంచులకు పూసే సిలికాన్‌లో వెనిగర్ వాసన వేసే రకమూ వద్దు. న్యూట్రల్ రకం అడిగి తెప్పించు.

పెరటి గదిలో అలలు తేలిన పాత పలకలు మూడు మిగిలి ఉండాలి. చిన్నప్పుడు వాటిలోంచి చూస్తే నూతి దగ్గర మా అమ్మ నీళ్లలో నడుస్తున్నట్టు కనిపించేది. వాటికి కొత్త లప్పం చాలు. కొన్ని వారాలు ఆరనిచ్చి రంగు వేయించు. పాత లప్పం గీకడం వడ్రంగికి అప్పగించకు. దసరాకు వచ్చి నేనే గీకుతాను.

మీ పెదనాన్న