జుమ్మేరాత్ బజార్లో గుండ్రటి పేకముక్కలు: కొనొచ్చా?

"చెక్కపెట్టెలో చేత్తో గీసిన గుండ్రటి పేకముక్కలున్నాయి, అమ్మేవాడు నిజాం కాలంనాటివంటున్నాడు, కొనొచ్చా" అని కదా అడిగారు. మన హైదరాబాదులో ఫుట్‌పాత్ మీదికొచ్చే ప్రతి పాత వస్తువూ నిజాం ఇంట్లోంచే వస్తుంది, ఆ మాట పక్కన పెట్టండి. బేరం మొదలెట్టకముందే ముక్కలు లెక్కపెట్టండి.

అసలు సరుకైతే అవి గంజిఫా అనే పాత పేకాట ముక్కలు. మొగల్ పద్ధతిదైతే ఎనిమిది రంగులు (ఇస్పేటు, ఆటీను లాంటి జాతులు), రంగుకు 12 చొప్పున 96. దశావతారాలదైతే పది రంగులు, 120. ప్రతి రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. మొత్తం 52 ఉండి మధ్యలో రాణి కనబడిందా, అది మన మామూలు పేకనే గుండ్రంగా గీసి అమ్ముతున్న సరుకు. అందంగా ఉంటే కొనుక్కోండి, పాతదని మాత్రం కొనకండి.

లెక్క కుదిరాక అన్నిటినీ బోర్లా పరవండి. ఆటలో ముక్క గుర్తుపట్టకూడదు కాబట్టి వీపులన్నీ ఒకే రంగులో, ఒకే నునుపుతో ఉండాలి. ఒకటి రెండు తేడాగా మెరుస్తుంటే, పోయిన ముక్కల బదులు తర్వాత గీయించి కలిపారన్నమాట. ఇక మురికి చూడండి. నిజంగా ఆడిన ముక్కకు బొటనవేలు ఆనే అంచున నలుపెక్కి, లక్క అరుగుతుంది, నడుమ బొమ్మ కాస్త తేటగా ఉంటుంది. టీ డికాక్షన్‌లో ముంచినదైతే అంతా ఒకే గోధుమరంగు, పగుళ్ళలో మరకలు. పది రెట్ల భూతద్దంలో కుంచె గీతకు బదులు సన్నటి చుక్కల వరసలు కనబడితే అది అచ్చు. దొంగనోట్లు పట్టే యూవీ టార్చి వేస్తే కాగితం నీలంగా భగ్గుమందా, 1950కి ముందుది కాదు. మెరవకపోయినంత మాత్రాన పాతదనీ కాదు.

దంతం ముక్కలంటే దండం పెట్టి వచ్చేయండి. ఏనుగు దంతం అమ్మకం, కొనుగోలు రెండూ నేరమే. వందేళ్ళు దాటిన సరుకును అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్ చేద్దామనీ అనుకోకండి, 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు.

కొన్నాక జనం చేసే పాడుపని తడిగుడ్డతో తుడవడం. చాలా ముక్కలు గుడ్డ పొరల్ని చింతపిక్కల జిగురుతో అంటించి చేసినవే. నీళ్ళు తగిలితే పొర ఉబ్బుతుంది, పైన లక్క పెచ్చులూడుతుంది, రంగు దానితో పాటే పోతుంది. మెత్తటి పొడి కుంచెతో దులిపితే చాలు. లామినేషన్ చేయించేవాళ్ళకు అసలు పాత వస్తువులే అమ్మకూడదు!

వానాకాలంలో లక్క మెత్తబడి ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కత్తితో విడదీయకండి, గాలాడే నీడలో కొన్నాళ్ళుంచి, అప్పటికీ రాకపోతే మ్యూజియం పని తెలిసినవాళ్ళకు ఇవ్వండి. మధ్యమధ్య ఆమ్లం లేని పల్చటి కాగితం పెట్టి పడుకోబెట్టి దాచండి. రబ్బరు బ్యాండు వద్దు, పీవీసీ కవరు వద్దు. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి చాలు, పెట్టె నిండా కుక్కితే మరీ ఎండిపోయి లక్క పగులుతుంది.